కొలెస్ట్రాల్ కన్నా తల గురించి ఆలోచించండి
లోతు సముద్రపు రొయ్యల్లో కొలెస్ట్రాల్ ఎక్కువని ఈమధ్య ఒక వ్యాసం హెచ్చరించింది. 100 గ్రాముల పచ్చి మాంసంలో సుమారు 150 మిల్లీగ్రాములు ఉంటుంది, నిజమే. కానీ మొత్తం కొవ్వు 2 గ్రాముల లోపే, సంతృప్త కొవ్వు మరీ తక్కువ. ప్రోటీన్ 20 గ్రాముల దాకా వస్తుంది. అసలు జాగ్రత్త తల దగ్గర పడాలి. అక్కడి జీర్ణగ్రంథిలోనే కాడ్మియం అనే విష లోహం ఎక్కువగా చేరుతుంది. రొయ్య చచ్చాక ఆ గ్రంథిలోని ఎంజైములే కండను మెత్తబరుస్తాయి కూడా. తల వెంటనే తీసేయండి, పులుసులో వేసి మరిగించొద్దు.

రొయ్యల ప్యాకెట్ మీద ఫాస్ఫేట్ (నీటిని పట్టి ఉంచడానికి కలిపే పదార్థం) అని ఉంటే నీటి బరువు, సోడియం రెండూ పెరిగినట్టే. ఇంకోమాట: చల్లని నీటి జాతులు చాలావరకు పచ్చిగానే గులాబీ రంగులో ఉంటాయి. రంగు చూసి ఉడికిందనుకోవద్దు. లోపలి కండ పారదర్శకత పోయి తెల్లబడాలి.