స్నేహానికి మూడు కొటేషన్లు

పిల్లలకు నిజమైన స్నేహితులు లేరని తల్లిదండ్రులు తెగ బెంగపడిపోతున్నారు. వ్యక్తిత్వ వికాసం క్లాసులకు వేలకు వేలు పోస్తున్నారు. అంత ఖర్చెందుకండీ? కుర్రాణ్ణి ఓ నాలుగేళ్లు చెన్నైలో కంప్యూటర్లు అమ్మడానికి పంపండి. జీతం చాలదు, కమీషన్ ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. చేబదులిచ్చే స్నేహితులు లేకుండా పూట గడవదు.

తొంభైల్లో మౌంట్ రోడ్డు పక్కనున్న కంప్యూటర్ల బజారు రిచీ స్ట్రీట్‌లో ఈ విద్య ఉచితంగానే అబ్బేది. నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు నుంచి వచ్చిన మాలాంటి డిగ్రీ కుర్రాళ్ల మెడకు ఓ టై బిగించి, మిట్టమధ్యాహ్నం ఎండలోకి తోలేవారు. ఎదుటి కంపెనీ వాడు శత్రువని మేనేజరు పొద్దున్నే నూరిపోసేవాడు. పదకొండు కొట్టేసరికి ఆ శత్రువూ మేమూ ఒకే కొట్టు దగ్గర టీ తాగుతుండేవాళ్లం. డబ్బులు ఎవరివో శత్రువుకే తెలియాలి.

ఈ స్నేహాలకు పునాది వేసింది మేం కాదు, కొనేవాళ్లే. ఏ ఆఫీసుకెళ్లినా "మూడు కొటేషన్లు పట్రా" అనేవారు, అంటే మూడు కంపెనీలు ధర రాసిచ్చిన కాగితాలు. పోటీ ఉండాలి, ధర తగ్గాలి, రూలు అది. మంచి రూలే. కాకపోతే ఆ మూడూ తెచ్చే పని ఒక్కడికే అప్పజెప్పేవారు. ఇంకేం చేస్తాం? శత్రువు లెటర్‌హెడ్లు మా సంచిలో, మావి శత్రువు సంచిలో. "గురూ, ఈసారికి నువ్వు ఓడిపో, వచ్చే ఆర్డరుకు నేను ఓడిపోతా." ఇలా అడగ్గానే ఓడిపోయే ఆప్తుడు మీకున్నాడా?

ఒకసారి మూడూ మా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మీదే కొట్టాం. పిన్నులతో చుక్కలు పొడిచి అక్షరాలు కొట్టే దాని హెడ్‌లో ఓ పిన్ను పోయింది. మూడు కాగితాల్లోనూ ప్రతి అక్షరం నడుమ్మీద అదే తెల్ల గీత. పర్చేజ్ ఆఫీసరు వాటిని పక్కపక్కన పరిచి, కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. "మూడు కంపెనీల్లోనూ ఒకే పిన్ను పోయిందే! ఏ బ్రాండయ్యా ఆ ప్రింటరు? మాకు మాత్రం అది వద్దు" అన్నారు. ఆర్డరు ఇచ్చారు లెండి.

1999 సెప్టెంబరులో తైవాన్‌లో భూకంపం వచ్చింది. అక్కడి చిప్పుల ఫ్యాక్టరీలు ఆగిపోయి, ఇక్కడ ర్యామ్, అదే కంప్యూటర్ మెమరీ చిప్పుల ధర భగ్గుమంది. అంతకు కొద్దిరోజుల ముందే మా దగ్గర ర్యామ్ చేబదులు తీసుకున్న ఒంగోలు మిత్రుడు, పాత ధర డబ్బులు మొహాన కొట్టకుండా, ర్యామే తెచ్చి చేతిలో పెట్టాడు. బంధువులకు బంగారం చేబదులిచ్చి చూడండి, తేడా తెలుస్తుంది. మా కంపెనీ, వాడి కంపెనీ రెండూ తర్వాత మూతబడ్డాయి. వాడు మాత్రం మా ఇంట్లో ఏ శుభకార్యమైనా ముందురోజే దిగి, వంటవాడితో బేరమాడతాడు.

ఇంతటి పవిత్ర వ్యవస్థ నడుస్తుంటే, 2016లో కేంద్రం జెమ్ పోర్టల్ తెచ్చిపెట్టింది. సర్కారు కొనుగోళ్లు ఆన్‌లైన్‌కు ఎక్కాయి. మిగతా జనం ఫోన్‌లో ధర చూసుకునే కొట్టు మెట్లెక్కుతున్నారు. ఖజానాకు ఎంత మిగిలిందో లెక్కలు చెబుతారు గానీ, ఎన్ని స్నేహాలు పుట్టకుండానే పోయాయో ఎవరైనా లెక్క తీశారా? కనీసం బడ్జెట్ మురిగిపోకుండా ఆఫీసులు హడావిడిగా కొనే మార్చి ఆఖరి వారానికైనా పాత పద్ధతి తిరిగి తేవాలని మా డిమాండ్. వినతిపత్రాలు కూడా సిద్ధం చేశాం. మూడు సంఘాల తరఫున మూడు, వేర్వేరు లెటర్‌హెడ్ల మీద.