సవరణ: మారిన్ కౌంటీలో ఓటింగే జరగలేదు

మొన్నటి పోస్టులో, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనున్న మారిన్ కౌంటీ (మన జిల్లా లాంటిది) జనం ఓటేసి మరీ, ఆ ప్రాంతపు లోకల్ రైలు బార్ట్‌ను వద్దన్నారని రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాసేశాను. ఆ రైలు సంస్థ చరిత్ర, పాత పత్రికా కథనాలు చూస్తే సంగతి వేరు.

బార్ట్ పథకంలో మొదట ఐదు కౌంటీలున్నాయి. ముందు తప్పుకున్నది శాన్ మతేయో కౌంటీ, 1961 డిసెంబరులో. వాళ్లకు అప్పటికే సదరన్ పసిఫిక్ అనే కంపెనీ రైళ్లున్నాయి, బార్ట్ కోసం కొత్త పన్ను బరువనిపించింది. వాళ్లు పోయేసరికి పన్నుల రాబడి తగ్గింది. పైగా శాన్‌ఫ్రాన్సిస్కోను మారిన్‌తో కలిపే గోల్డెన్ గేట్ వంతెన రైలు బరువు మోస్తుందా అనే గొడవొకటి. అలా 1962లో మారిన్ కూడా బయటికొచ్చింది, నిజానికి బార్ట్ వాళ్లే తప్పుకోమని అడిగారు. ఆ నవంబరులో బార్ట్ కట్టడానికి అప్పు తెచ్చే 79.2 కోట్ల డాలర్ల బాండ్లపై ఓటేసింది మిగిలిన మూడు కౌంటీలే. కాబట్టి 'మాకొద్దు' అన్న మాట శాన్ మతేయోకే ఎక్కువ నప్పుతుంది.