ర్యాంకు డెబ్బై వేలు, సలహాలు లక్ష

ఎంసెట్‌లో (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) నెగెటివ్ మార్కులుండవు. 3 గంటలు, 160 ప్రశ్నలు. తెలియని చోట కళ్లు మూసుకుని ఏదో ఒకటి నొక్కినా పోయేదేమీ లేదు. నెగెటివ్ మార్కులు మొదలయ్యేది ఫలితాలొచ్చాక. వేసేది చుట్టాలు. ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉందన్న సంగతి కూడా సరిగ్గా అప్పుడే అందరికీ గుర్తొస్తుంది.

వెయ్యిలోపు ర్యాంకు వచ్చినవాడితో ఇబ్బంది లేదు. వాడి ఫొటో మన విశాఖ ద్వారకానగర్‌లో ఫ్లెక్సీ ఎక్కుతుంది. చిక్కంతా డెబ్బై వేల దగ్గర ఆగినవాడితోనే. చదివాడని చెప్పుకోలేం, చదవలేదని తిట్టుకోలేం. అందుకే వాడి వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీ, ఏ బ్రాంచి కావాలో వరసగా ఇచ్చే జాబితా, నింపే బాధ్యత వంశం మొత్తం నెత్తిన వేసుకుంటుంది. దీనికో పద్ధతి ఉంది. తెలియని తల్లిదండ్రుల కోసం ఇక్కడ చెబుతున్నాను.

ముందు కాలేజీ బస్సు చూడాలి. మన సందు మొదట్లో ఆగితే అది మంచి కాలేజీ. తర్వాత హోర్డింగు. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేలోపు ఎన్ని లక్షల ప్యాకేజీలు కనబడితే లోపల అంత చదువున్నట్టు. ఆ ప్యాకేజీ ఎందరికొచ్చింది, మిగతావాళ్లు ఏమయ్యారు అని అడగడం మర్యాద కాదు. కిందటేడు ఏ కాలేజీలో ఏ బ్రాంచికి చివరి సీటు ఎంత ర్యాంకుకి దక్కిందో చెప్పే జాబితాలు దొరుకుతాయి నిజమే. కానీ అది చదవాలంటే కళ్లజోడు పెట్టుకుని కూర్చోవాలి. హోర్డింగైతే బండి మీద పోతూ చూసేయొచ్చు.

బ్రాంచి మీద చర్చే లేదు. కంప్యూటర్ సైన్స్. అది అందకపోతే దాని పక్కన ఏఐ అనో డేటా సైన్స్ అనో తగిలించినది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ప్రాణాలిచ్చిన ఊరు మనది. షిప్‌యార్డు, రిఫైనరీ, పోర్టు, నేవల్ డాక్‌యార్డు అన్నీ ఇక్కడే. ఇనుముతో ఇంత చుట్టరికం ఉన్న ఊళ్లో పిల్లాడు “మెకానికల్ తీసుకుంటానమ్మా” అన్నాడంటే, తల్లి ముందు నుదుటి మీద చెయ్యి వేసి చూస్తుంది. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కే, ఎవరు కాదన్నారు? మెకానికల్ మాత్రం పక్కింటివాళ్ల హక్కు.

ఇక ఆప్షన్ల వరస. ఇదే అసలు ఘట్టం. కంప్యూటర్ మనం ఇచ్చిన జాబితాని పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకి మొదట అందిన సీటు చేతిలో పెడుతుంది. అంటే ఆంధ్రా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీని అన్నిటికన్నా పైన పెట్టి, అది రాకపోయినా, కింద ఉన్నవాటికి వచ్చిన నష్టమేమీ లేదు. ఈ మాట బాబాయికి చెప్పి చూడండి. “రానిదాన్ని పెట్టడం ఎందుకురా, టైమ్ వేస్టు” అని, కచ్చితంగా వచ్చేదాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టిస్తాడు. కచ్చితంగా అదే వస్తుంది. “చెప్పానా!” అంటాడు. ఆయన మాట ఇంతవరకూ తప్పలేదు, ముందు ముందు కూడా తప్పదు.

ఇదీ నచ్చకపోతే మేనేజ్‌మెంట్ కోటా ఉండనే ఉంది. అక్కడ ర్యాంకు గురించి ఎవరూ గుచ్చి గుచ్చి అడగరు, చాలా సంస్కారవంతులు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదన్నదొక్కటే లోటు. దానికోసమే కదా మన పెద్దలు మధురవాడలో స్థలాలు కొని పెట్టింది! అమ్మేసి కట్టేయడమే. నాలుగేళ్లయ్యాక అబ్బాయి మొదటి జీతం తెచ్చి, అదే స్థలం ఇప్పుడు ఎంత పలుకుతోందో కనుక్కుంటాడు. కొన్నాయన అమ్మనంటాడు. కంచరపాలెం పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేసి ఆటోనగర్‌లో షెడ్డు పెట్టుకున్నాడు, ఆయనకిప్పుడు అమ్మాల్సిన అవసరమేముంది?