ఎవరి మర వారిదే

పక్క ఊరి ఫైరింజన్ పరుగున వచ్చింది. సిబ్బంది దూకి, గొట్టం లాగి, మన హైడ్రెంట్‌కు, అంటే మంటలార్పే నీళ్ల కోసం వీధిలో పెట్టిన కుళాయికి, బిగించబోయారు. మరలు కలవక అది పట్టలేదు. దీన్ని జనం లోపం అంటారు, పేపర్లవాళ్లు వైఫల్యం అంటారు. నేను ఆత్మగౌరవం అంటాను. దారినపోయే ప్రతి గొట్టానికీ నోరు తెరిచి నీళ్లిచ్చే హైడ్రెంట్‌కు సొంత వ్యక్తిత్వం ఏం మిగిలినట్టు?

మర సంగతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. గొట్టం చివర కప్లింగ్ ఉంటుంది, దాని లోపల మరచుట్లు. హైడ్రెంట్ మూతికి బయటివైపు చుట్లు. రెండూ కలవాలంటే మూతి వెడల్పు సరిపోవాలి, అంగుళానికి ఎన్ని చుట్లున్నాయన్న లెక్కా సరిపోవాలి. ఏడు చుట్లదాన్ని ఎనిమిది చుట్లదానికి తిప్పితే కాస్త తిరిగి ఇరుక్కుంటుంది. ఒక సీసా మూత ఇంకో సీసాకు పెట్టి చూసినవారందరికీ ఈ శాస్త్రం వచ్చు. కాకపోతే సీసా మూత తిప్పేటప్పుడు మన వెనకాల కొండ తగలబడుతూ ఉండదు.

ఈ ఆత్మగౌరవానికి పుణ్యక్షేత్రం అమెరికాలోని బాల్టిమోర్. 1904 ఫిబ్రవరి 7, ఆదివారం, ఊరి నడిబొడ్డున నిప్పంటుకుంది. సాయం రమ్మని కబురు వెళ్తే వాషింగ్టన్‌వాళ్లు ఇంజన్లను రైలెక్కించుకుని మరీ వచ్చారు. ఫిలడెల్ఫియా నుంచి వచ్చారు, న్యూయార్క్ నుంచి వచ్చారు. తీరా చూస్తే చాలామంది గొట్టాలు బాల్టిమోర్ హైడ్రెంట్లకు పట్టలేదు. మంట 30 గంటలకు పైగా సాగింది. 1,500కు పైగా భవనాలు పోయాయి. నష్టం పెద్దదే, కాదనను. కానీ అంత సెగలోనూ పరాయి మరకు తేలిగ్గా లొంగని ఆ ఇనుప మూతుల పట్టుదలను ఏ చరిత్రకారుడూ సరిగ్గా మెచ్చుకోలేదు.

నాకు అంతకంటే ఇష్టమైన కథ ఇంకోటుంది. ఆ దేశంలో కొలతలనూ ప్రమాణాలనూ చూసుకోవడానికే పెట్టిన ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్. ఆ రోజుల్లోనే దాని సొంత ఆవరణలో చిన్న మంట లేచింది. రెండు భవనాల నుంచి గొట్టాలు తెచ్చి ఒకదానికొకటి కలపబోయారు. కలవలేదు. ఒకే సంస్థ, ఒకే ఆవరణ, ప్రమాణాలే దాని వృత్తి! దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు. తర్వాత బ్యూరోవాళ్లు దేశమంతటి నుంచీ కప్లింగ్‌ల నమూనాలు సేకరిస్తే 600కు పైగా రకాలు తేలాయి. పూల మొక్కల్లో అన్ని రకాలు దొరికితే పండగ చేసుకుంటారు. కప్లింగ్‌లలో దొరికితే కమిటీ వేశారు.

1905లో, అగ్ని భద్రతకు ప్రమాణాలు రాసే నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ జాతీయ ప్రమాణం ఖాయం చేసింది. రెండున్నర అంగుళాల గొట్టానికి అంగుళానికి ఏడున్నర చుట్లు. ఏడు అంటే ఎనిమిది చుట్లవాళ్లకు కోపం, ఎనిమిది అంటే ఏడు చుట్లవాళ్లకు కోపం. ఏడున్నర అయితే ఇద్దరికీ సమానంగా నచ్చదు కనుక ఒప్పందానికి అంతకంటే మంచి అంకె దొరకదు. ఏలినాటి శనికీ ఏడున్నరే అని అప్పుడు అక్కడెవరూ గుర్తుచేసినట్టు లేరు.

ప్రమాణం రాసుకోవడం ఒక పని, మూతులు మార్చడం వేరే పని. కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ సంగతే చూడండి. 1991 అక్టోబరు 20, అదీ ఆదివారమే. ముందురోజు ఆరిపోయిందనుకున్న గడ్డి మంట, గాలి తిరగడంతో మళ్లీ లేచి కొండల మీది ఇళ్లమీద పడింది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఇంజన్లు బారులు తీరాయి. వాళ్లలో చాలామందివి రెండున్నర అంగుళాల కప్లింగ్‌లు. ఓక్లాండ్ హైడ్రెంట్లది మూడంగుళాల మూతి. మధ్యలో తొడిగే అడాప్టర్లు ఉన్నాయి గానీ వచ్చినవాళ్లందరికీ సరిపడా లేవు. రేడియోల సంగతీ అంతే, ఒకరి మాట ఒకరికి అందని స్థితి. 25 మంది చనిపోయారు. 3,000కు పైగా నివాసాలు కాలిపోయాయి. ఇక్కడ నాకు వెటకారం నోటికి రావడం లేదు, ఒక్క వాక్యం ఖాళీగా వదిలేస్తున్నాను.

న్యాయంగా చెప్పాలంటే నేరమంతా మరదే కాదు. కరెంటు పోయి పంపులు ఆగాయి, కొండమీది నీళ్ల ట్యాంకులు ఖాళీ అయ్యాయి, గాలి దారుణంగా వీచింది. నా వాదనకు ఇది గట్టి ఆధారం. నీళ్లే లేని హైడ్రెంట్‌కు గొట్టం పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే. తర్వాత ఆ ఊరివాళ్లు హైడ్రెంట్లను ప్రమాణానికి తగ్గట్టు మార్చుకున్నారు. ఆత్మగౌరవం అక్కడితో సరి.

మరల్లోనే కాదు, మాటల్లోనూ ఈ వైవిధ్యం ఉంది. అమెరికా పడమటి అడవుల్లో మంటలార్పేవాళ్లకు 'ట్యాంకర్' అంటే నీళ్లో మంటలార్పే మందో మోసుకొచ్చే విమానం. తూర్పున చాలా పల్లెల్లో అదే మాటకు అర్థం నీళ్ల లారీ. ఒక్క ట్యాంకర్ పంపండి అని అడిగినవాడు ఆకాశం వంక చూడాలో రోడ్డు వంక చూడాలో అవతలివాడి పుట్టిన ఊరిని బట్టి ఉంటుంది. 1970లో కాలిఫోర్నియా 13 రోజులపాటు తగలబడ్డాక, ఈ గందరగోళం పనికిరాదని అన్ని శాఖలూ కూర్చుని ఒకే పదకోశం, ఒకే ఆజ్ఞల వరస తయారు చేసుకోవడం మొదలుపెట్టాయి. అడవి కాలాక నిఘంటువు పుట్టింది. భాషాభిమానులు సంతోషించాలి.

ఆస్ట్రేలియావాళ్లు ఈ విద్యలో ఇంకా రాటుదేలారు. న్యూ సౌత్ వేల్స్‌లో స్టోర్జ్ కప్లింగ్, విక్టోరియా పల్లెల్లో వాళ్ల సొంత మర, క్వీన్స్‌లాండ్‌లో ఆ రాష్ట్రం పేరే పెట్టుకున్న గుండ్రటి మర. మొదటి రెండు రాష్ట్రాల మధ్య ముర్రే నది. కార్చిచ్చు నిప్పురవ్వల్ని గాలిలో ఎగరేసుకుంటూ నది దాటగలదు, కప్లింగ్ దాటలేదు. ఆశ్చర్యపడకండి, ఆ సరిహద్దుకు ఇది అలవాటే. రెండు రాష్ట్రాలూ రైలు పట్టాలే వేర్వేరు వెడల్పుల్లో వేసుకున్నాయి. 1962లో మెల్‌బోర్న్ దాకా ఒకే వెడల్పు పట్టాలు పడేవరకు ప్రయాణికులు సరిహద్దులో దిగి బండి మారేవారు. మనుషులే దిగి మారినప్పుడు నీళ్లకేం, అవీ దిగి మారతాయి.

ఇక ఆ స్టోర్జ్ గురించి. ఇది జర్మనీలో 19వ శతాబ్దం చివర్లో పుట్టిన కుట్ర. మామూలు కప్లింగ్‌లో ఒకటి ఆడది, ఒకటి మగది. స్టోర్జ్‌లో రెండు కొనలూ ఒకేలా ఉంటాయి. ఏ కొననైనా ఏ కొనకైనా ఆనించి కాస్త తిప్పితే చాలు, చీకట్లో, పొగలో, చేతులకు తొడుగులున్నా పట్టేస్తుంది. ఇంత తేలికైన పరికరం వందేళ్లకు పైగా అందుబాటులో ఉన్నా ప్రపంచమంతా దాన్ని తీసుకోలేదంటే మానవజాతి మీద నాకున్న నమ్మకం వమ్ము కాలేదన్నమాట. ఫ్రాన్స్‌కు దాని కప్లింగ్ ఉంది, స్పెయిన్‌కు దానిది, ఇటలీకి దానిది. 2018 వేసవిలో స్వీడన్ అడవులు అంటుకున్నప్పుడు పోలండ్ 40కి పైగా వాహనాలతో బారుగా వెళ్లింది. పిలిచినవాడి పళ్లెం మనకు సరిపోతుందో లేదో అని, వంటా గిన్నెలూ మోసుకుని విందుకెళ్లే చుట్టం తెలివి అది.

విమానాలైనా తక్కువ తిన్నాయా? 2007లో దక్షిణ కాలిఫోర్నియా కాలుతున్నప్పుడు అక్కడి రాష్ట్ర సైనిక దళం నేషనల్ గార్డ్ దగ్గర కొత్త సి-130జె విమానాలున్నాయి, మంట మీద మందు చల్లే ట్యాంకులూ ఉన్నాయి. పాత ట్యాంకు కొత్త విమానంలో ఇమడదు. వేరే రాష్ట్రాల నుంచి పాత విమానాలను రప్పించారు.

అడాప్టర్లు కొనిపెట్టుకోవచ్చు కదా అని ఒక పెద్దమనిషి అడిగారు. కొనవచ్చు. కానీ ఎవరు కొనాలి? సాయానికి వచ్చేవాడా, సాయం అడిగినవాడా? వచ్చేవాడు కొంటే, అడగని సాయానికి ముందే ఖర్చు పెట్టినట్టు. అడిగినవాడు కొంటే, తన మర తప్పని రాతపూర్వకంగా ఒప్పుకున్నట్టు. అన్నీ మార్చేద్దామంటే హైడ్రెంట్లు, గొట్టాలు, ఇంజన్లు, పక్క ఊరితో ఉన్న పాత ఒప్పందాలు, అన్నీ ఒకేసారి కదలాలి. సగం మార్చి ఆపేస్తే ఊరు తనకు తానే పరాయిదవుతుంది. బడ్జెట్ సమావేశంలో మంట కనిపించదు, బిల్లు కనిపిస్తుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు అధికారుల మీద నిజంగానే జాలి.

అయినా పని జరగడం లేదనేవాళ్లు తొందరపడుతున్నారు. బాల్టిమోర్ మంటకు వందేళ్లు నిండిన 2004లో లెక్క చూస్తే, అమెరికాలో జనాభా ఎక్కువున్న 48 నగరాల్లో 18 చోట్ల జాతీయ ప్రమాణం హైడ్రెంట్లున్నాయి. 1905 నుంచి 99 ఏళ్లలో 18 నగరాలు, అంటే ఐదున్నరేళ్లకొకటి. మిగిలిన 30 నగరాలకు ఇదే వేగంతో 165 ఏళ్లు పడుతుంది. 2169 నాటికి పని పూర్తవుతుంది. అప్పటిదాకా కార్చిచ్చులకు నాది ఒక్కటే విన్నపం: ఎల్ల దాటేముందు కాస్త ఆగి, అవతలివాళ్ల మర ఏ రకమో కనుక్కుని రండి.