యజమాని పేరు కింద దాగిన పేర్లు

1860 నాటి అమెరికా జనగణనలో బానిసలకు విడిగా ఒక పట్టీ ఉంది. యజమాని పేరు రాసి, దాని కింద వరుసకొకరు చొప్పున '34, ఆడ, నలుపు' అంటూ వయసు, లింగం, రంగు నింపుకుంటూ పోయారు. మనిషి పేరు దాదాపు ఎక్కడా రాయలేదు. అలా లెక్కకెక్కినవారు 39.5 లక్షల మంది. వారి వారసులు నేడు తమ వంశాన్ని వెతుక్కుంటూ వచ్చి ఈ కాగితం దగ్గరే ఆగిపోతున్నారు.

ఇంటిపెద్దల జ్ఞాపకాలతో మొదలుపెట్టి, ఒక్కో జనగణన దాటుకుంటూ 1870 దాకా వెనక్కి వెళ్లవచ్చు. విముక్తులైన వారందరికీ జనగణనలో తొలిసారి పేర్లు దక్కింది ఆ ఏడే. అక్కడి నుంచి ఇంకా వెనక్కి వెళ్లడంలోనే అసలు చిక్కు. ఇంటిపేరును బట్టి ఆఖరి యజమానిని ఊహించడమే ఎక్కువమంది చేసే పొరపాటు. చాలామంది అంతకు ముందటి యజమాని పేరో, తాము ఎంచుకున్న పేరో పెట్టుకున్నారు. ఊహ తప్పితే వెతుకులాటంతా వేరే కుటుంబం వెంట పోతుంది. ఒక్కరి వయసు కలిస్తే చాలదు. కుటుంబంలో అందరి 1870 నాటి వయసుల్లోంచీ పదేళ్లు తీసేసి 1860 పట్టీతో పోల్చాలి. ఆపైన యజమాని వీలునామా, ఆస్తి జాబితా, తాకట్టు పత్రాలు చూడాలి. పశువుల పక్కనే, వెల కట్టి, మనుషుల పేర్లు కనిపించేది వాటిలోనే. చదువుతుంటే కడుపు తరుక్కుపోతుంది. అయినా తల్లీబిడ్డల పేర్లు పక్కపక్కనే దొరికే చోటు అదే.

విముక్తుల కోసం 1865లో పెట్టి 1874లో మూతపడ్డ ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతా పత్రాలు మరింత విలువైనవి. పుట్టిన ఊరు, పాత యజమాని, తల్లిదండ్రులు, తోబుట్టువులు: ఇవన్నీ ఖాతాదారునే అడిగి రాసుకున్నారు. డీఎన్‌ఏ పరీక్ష దూరపు బంధువులను చూపగలదు కానీ పూర్వీకుల పేరు చెప్పలేదు.

1838లో, అమెరికాలో జార్జిటౌన్ కళాశాలను నడిపిన జెసూట్లు (క్యాథలిక్ మతగురువుల సంఘం) 272 మందిని లూసియానాకు అమ్మినప్పుడు పేర్లతో జాబితా రాశారు. వారి వారసులను నేడు గుర్తించగలుగుతున్నారంటే అందులో ఆ జాబితా పాత్ర పెద్దది. మిగతా పత్రాల్లో చాలావాటికి సూచికలు ఇప్పటికీ యజమానుల పేర్ల మీదే ఉన్నాయి. కౌంటీ కోర్టులు, విశ్వవిద్యాలయాలు, తోటల యజమానుల వారసులు తమ దగ్గరున్న ప్రతి దస్త్రానికీ కొత్త సూచిక తయారు చేయించాలన్నది మా డిమాండ్. బానిసగా బతికిన మనిషి పేరు ముందుండాలి. వయసు, తల్లి పేరు, తేదీ, పుట సంఖ్య ఆ తర్వాత రావాలి. యజమాని పేరు చివరి గడిలో ఉంటే చాలు.