నెలవంక సాక్ష్యానికి లెక్క తోడుండాలి

రంజాన్‌కు ముందు నెల షాబాన్ ఇరవై తొమ్మిదో రోజు పొద్దు గుంకీ గుంకగానే జనం మేడలెక్కుతారు. పడమట ఎరుపు చల్లారేలోగా, కత్తిరించిన గోటి ముక్కంత సన్నని గీత కోసం కళ్లు చికిలించి వెతుకుతారు. ఎవరో వేలు చాపుతారు. పక్కనున్నవారు ఆ వేలి వెంటే చూపు సారిస్తారు. ‘అదిగో’ అన్న మాటతో రంజాన్ మొదలవుతుంది. కనిపించే వ్యవధి చాలాసార్లు అరగంట, ముప్పావు గంట. కోట్లమంది ఉపవాసం ఆ కాసేపట్లోనే తేలాలి.

నెలవంకను చూసి ఉపవాసాలు మొదలుపెట్టండి, చూసి విరమించండి, మబ్బు కమ్మితే ముప్పై రోజులు పూర్తి చేయండి అన్నది ప్రవక్త మాట. పశువుల కాపరికైనా పండితుడికైనా ఒకే ఆధారం. అందుకే కంటిచూపు ఇక అక్కర్లేదు, ఖగోళ లెక్క చాలు అనే వాదనను మేము సమర్థించలేం. ఉత్తర అమెరికా ఫిఖ్ (ఇస్లామీ ధర్మశాస్త్ర) మండలి 2006లో పూర్తిగా లెక్కకే మారింది. ఆ నిర్ణయాన్ని గౌరవిస్తాం.

మా బాధ వేరు. సూర్యుడికన్నా ముందే చంద్రుడు అస్తమించిన సాయంత్రాల్లో కూడా ‘చూశాం’ అన్న సాక్ష్యాలు వచ్చిన సందర్భాలున్నాయి. వాటిని ఒప్పుకుని పండుగ ప్రకటించినవీ ఉన్నాయి.

చాంద్రమాసం సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. అమావాస్య ఘడియను ఏళ్ల ముందే కచ్చితంగా చెప్పవచ్చు. ఆ ఘడియ దాటిన వెంటనే వంక కనబడిపోదు. చంద్రుడు సూర్యుడికి దాదాపు 7 డిగ్రీలు ఎడం జరిగేదాకా వంకే ఏర్పడదని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త డాంజోన్ 1930లలో తేల్చారు. వట్టి కళ్లకు ఇంకా ఎక్కువ ఎడం కావాలి. ఆపైన మబ్బు, దుమ్ము, చూసేవారి కంటి శక్తి. కాబట్టి ఫలానా సాయంత్రం తప్పక కనబడుతుందని లెక్క హామీ ఇవ్వలేదు. కనబడే అవకాశమే లేదని మాత్రం నిస్సందేహంగా చెప్పగలదు. ఆ రెండో మాటను వినడానికి వెనకాడటం ఎందుకు? 14వ శతాబ్దిలో డమాస్కస్ ఖాజీగా ఉన్న తఖీయుద్దీన్ సుబ్కీయే, అసాధ్యమని లెక్క తేల్చినప్పుడు సాక్ష్యాన్ని తోసిపుచ్చాలన్నారు.

సాక్షులు అబద్ధాలకోరులని మేము అనడం లేదు. ఆశగా వెతికే కంటికి విమానం పొగచారా వంకలాగే తోస్తుంది. ముదిమిలో ప్రవక్త సహచరుడు అనస్ బిన్ మాలిక్ నెలవంక కనిపించిందంటే, పక్కవారెవరికీ అది కనబడలేదట. ఇయాస్ అనే ఖాజీ దగ్గరకొచ్చి, ఆయన కంటి మీదికి వంగిన తెల్లని కనుబొమ్మ వెంట్రుకను సరిచేసి, ఇప్పుడు చూపించమన్నారట. అప్పుడాయనకూ కనబడలేదు. పెద్దాయన మనసు నొచ్చుకోకుండా సాక్ష్యాన్ని పరీక్షించిన తీరు అది.

ప్రపంచమంతా ఒకే రోజు పండుగ చేసుకోవాలన్న పట్టుదల కూడా మాకు లేదు. సిరియా నుంచి మదీనాకు వచ్చిన కురైబ్, అక్కడ ఒకరోజు ముందే చూశారని చెప్పినా, ప్రవక్త సహచరుడు ఇబ్న్ అబ్బాస్ మదీనా చూపునే పాటించారు. ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో అన్నకు ఉపవాసం, తమ్ముడికి పండుగ అయితేనే గుండె కలుక్కుమంటుంది. పండుగనాడు ఉపవాసం నిషిద్ధం, రంజాన్‌లో కారణం లేకుండా ఒక రోజు వదలడం పాపం. ఒక్కరోజు పొరపాటు ఎటు జరిగినా బరువైనదే.

ఇండోనేషియా, మలేషియా, బ్రూనై, సింగపూర్ దిగంతం పైన చంద్రుడి ఎత్తు కనీసం 3 డిగ్రీలు, సూర్యుడి నుంచి ఎడం 6.4 డిగ్రీలు ఉండాలని ఉమ్మడి కొలత పెట్టుకున్నాయి. నెలవంక దర్శనాన్ని ప్రకటించే ప్రతి రూయతె హిలాల్ కమిటీ అలాంటి కొలతను ముందే ప్రకటించాలి. ఆ సాయంత్రం చంద్రాస్తమయం ఎప్పుడో అందరికీ తెలియజేయాలి. కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయి, సూర్యుడు దిగిన చోటికి ఏ పక్కన కనిపించింది, ఎంతసేపు నిలిచింది అని సాక్షిని మర్యాదగా అడగాలి. ఒప్పుకున్నా తోసిపుచ్చినా కారణం చెప్పాలి. రంజాన్ రాత్రుల తరావీహ్ నమాజుకు వరుసల్లో నిలబడాలో, ఇంటికి వెళ్లాలో తెలియక రాత్రి పొద్దుపోయేదాకా మసీదు మెట్ల మీద ఎదురుచూసేవారికి ఆ జవాబు ఇషా (రాత్రి నమాజు) వేళకే అందాలి.