ఎన్.ఏ. ముద్ర గారికి ఓ హవల్దార్ దండాలు

మహారాజశ్రీ ఎన్.ఏ. ముద్ర గారికి,

నిన్న మళ్లీ తమరి దర్శనమైంది. దేవరకొండలో ఆరింటి బస్సెక్కి, మా మాజీ సైనికుల ఆసుపత్రిలో టోకెన్ తీసుకుని, ఓపీలో కూర్చుని, డాక్టరమ్మ రాసిన చీటీతో మందుల కిటికీ దగ్గరికి చేరేసరికి ఒంటిగంట. లోపలి పిల్లగాడు మందుల అర వైపు తలైనా తిప్పలేదు. తమరిని ప్యాడ్ మీద అద్ది నా చీటీ మీద ఠప్పున దించాడు. నాట్ అవైలబుల్. వరసగా మూడో నెల. మందులకే కరువు గానీ మీ ఇంకుకు ఏనాడూ కరువు రాలేదు. మీ ఆరోగ్యం చూస్తే ముచ్చటేస్తుంది.

తిరుగు బస్సులో ఉండగా టెక్సాస్ నుంచి మా మేనల్లుడి ఫోన్. "మామా, ఇక్కడ మాజీ సైనికుల కోసం కొత్త కొత్త వైద్యాల మీద చట్టాలే చేస్తున్నారు" అన్నాడు. యుద్ధం చూసొచ్చి నిద్ర పట్టనివాళ్లకు పుట్టగొడుగుల్లోని సైలోసైబిన్ పనిచేస్తుందేమో చూడమని ఆ రాష్ట్రం 2021లోనే చట్టం చేసిందట. 2025లోనేమో ఆఫ్రికాలో దొరికే ఒక మొక్క వేరు నుంచి తీసే ఐబోగెయిన్ మీద పరీక్షలకు 5 కోట్ల డాలర్లు. ఇంటికొచ్చి చెబితే మా ఇంటావిడ, "పుట్టకొక్కులకు అంత దూరమెందుకయ్యా, వానలు పడితే మన చెలక గట్టు మీద బోలెడు" అంది.

2018లో అమెరికా మొత్తానికి 'రైట్ టు ట్రై' అని ఇంకో చట్టం వచ్చింది. ప్రాణం మీదికొచ్చి, ఉన్న వైద్యాలన్నీ చేయించుకున్నవాళ్లు, మొదటి దశ పరీక్ష దాటిన మందును అనుమతి రాకముందే అడగొచ్చు. కంపెనీ ఇచ్చి తీరాలని మాత్రం అందులో లేదు. సముద్రం అవతల కూడా మీకు చుట్టాలున్నారన్నమాట.

కానీ నేనడిగేది ప్రయోగం కాదు మహాప్రభో! కార్గిల్ యుద్ధంలో ద్రాస్ కొండల నుంచి దిగొచ్చినప్పటి నుంచి దీపావళి నాడు చెవుల్లో దూది పెట్టుకుని వెనకింట్లో కూర్చునేవాణ్ని. నా మాత్ర పేరు సెర్ట్రలిన్. యుద్ధం మనసులో మిగిల్చే ఈ జబ్బుకు, అదే పీటీఎస్‌డీకి, దాన్ని అమెరికా ఒప్పుకున్నది 1999లో, మేం కార్గిల్‌లో ఉన్న ఏడాదే. పాతికేళ్లు దాటింది. దాని మీద చేయాల్సిన పరీక్షలన్నీ ఎప్పుడో అయిపోయాయి, ఊరూరా మెడికల్ షాపుల్లో దొరుకుతోంది. నా ఒక్కడి మీదే ఇంకా ట్రయల్ నడుస్తోంది. మాత్ర లేకుండా ఈ ముసలాడు ఎన్ని రాత్రులు ఆగుతాడు అని.

బయట కొనుక్కుని బిల్లు పెట్టుకోమంటారు. ఆ బిల్లు కదలాలన్నా చీటీ మీద తమరే ఉండాలి. పోయిన నెల 'ఎన్' పడింది, 'ఏ' పడలేదు. బిల్లు వెనక్కొచ్చింది. మందు లేదని ఇంకోసారి సరిగ్గా చెప్పించుకోవడానికి మళ్లీ ఆరింటి బస్సెక్కాను. "అన్నా, జర గట్టిగ గుద్దు" అని పిల్లగాణ్ని బతిమాలుకున్నాను. నిన్ను బతిమాలుకున్నాను! రబ్బరు ముక్కని!

జూలై 26, కార్గిల్ విజయ్ దివస్ వస్తే పిలిచి శాలువా కప్పుతారు. ఇప్పటికి పద్నాలుగున్నాయి బీరువాలో. శాలువా ఏ ఏడూ ఎన్.ఏ. కాలేదు.

మన దేశమూ 2017లో చట్టం చేసింది, సర్కారు నడిపేచోట మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని. దాని మీద కూడా నిన్ను గుద్దారా? కొండ మీద ఉన్నప్పుడు తూటాలు లేవని మాకు ఎవడూ ముద్ర కొట్టివ్వలేదు. లేకపోతే తెప్పించారు. ఎట్లాగో మోసుకొచ్చారు. పది మాత్రల అట్ట ఎంత బరువుందిరా?

నిన్న తడి ఆరకముందే చీటీ మడిచానేమో, ఎడమ చూపుడువేలికి నీ ఊదారంగు అంటింది. మా ఇంటావిడ అన్నం పెడుతూ చూసింది. "ఏమయ్యా, ఇయ్యాల ఓట్లున్నయా?"

సబ్బుతో రుద్దాను. పోలేదు.

ఇట్లు,
వచ్చే సోమవారం మళ్లీ రాబోతున్న
ఒక రిటైర్డ్ హవల్దార్